పిల్లల క్యాన్సర్ వైద్యానికి ఆర్థిక సహాయం: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారు ఎవరిని, ఏ వరుసలో అడగాలి?

ప్రశ్న: కావలి ఉపాధ్యాయుడు

సభ్యులందరికీ నమస్కారం. మా అక్క కుమారుడికి ఆరేళ్లు. వదలని జ్వరం, కాళ్ల నొప్పులు, దెబ్బ తగలకుండానే ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపించడంతో నెల్లూరులో చూపించాము. రక్తపరీక్షలో అనుమానం వచ్చి ఎముక మజ్జ పరీక్ష చేయించగా అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అని తేలింది. పిల్లలలో ఇది నయమయ్యే అవకాశం ఎక్కువేనని, అయితే వైద్యం రెండేళ్లకు పైగా సాగుతుందని, మధ్యలో ఆపకూడదని వైద్యులు చెప్పారు.

మా బావ కృష్ణపట్నం వైపు ఒక కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడు. ముత్తుకూరు మండలంలో సొంత ఇల్లు, ఎకరం మాగాణి ఉన్నాయి. బియ్యం కార్డు ఉంది కాని అందులో పిల్లవాడి పేరు ఇంకా చేర్చలేదు. తెలిసినవారి మాట మీద చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్తే, మన రాష్ట్ర పథకం తమ దగ్గర వర్తించదని, చేర్చుకోవాలంటే ముందుగా మూడు లక్షలు కట్టాలని అన్నారు. ఎకరం అమ్మేద్దామని బావ, నూటికి మూడు రూపాయల వడ్డీకైనా తెద్దామని ఆయన అన్నగారు అంటున్నారు. అక్క మాత్రం ఏమీ మాట్లాడటం లేదు.

ముఖ్యమంత్రి సహాయ నిధి, ప్రధానమంత్రి నిధి, స్వచ్ఛంద సంస్థలు అని ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతున్నారు. ఏది ముందు, ఏది తరువాత, ఎవరిని అడగాలి అనేది తెలిసినవారు వివరంగా చెబితే మా కుటుంబానికి పెద్ద ఉపకారం చేసినవారవుతారు. పిల్లవాడిని ఈ వారంలోనే ఎక్కడో ఒకచోట చేర్చాలి.

జవాబు 1: పిల్లల క్యాన్సర్ వార్డు సామాజిక కార్యకర్త (స్వస్థలం ఒంగోలు)

మాస్టారూ, మొదట ఒక మాట. ఈ వారం పొలం అమ్మకండి, వడ్డీకీ తీసుకురాకండి. వ్యాధి నిర్ధారణ అయిన తొలి పదిరోజుల్లో, భయంలో తీసుకున్న డబ్బు నిర్ణయాలే తరువాతి రెండేళ్లు కుటుంబాన్ని పీడించడం నేను వార్డులో తరచుగా చూస్తుంటాను. మొదటి నెలకే చేతిలో ఉన్నదంతా పోసేసిన కుటుంబం ఆరో నెలలో బస్సు ఛార్జీకి వెతుక్కుంటుంది, అక్కడే వైద్యం ఆగిపోతుంది. సంపన్న దేశాలలో క్యాన్సర్ వచ్చిన పిల్లలలో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన వంటి దేశాలలో ఆ సంఖ్య పడిపోవడానికి పెద్ద కారణాలలో ఒకటి, మొదలుపెట్టిన వైద్యాన్ని డబ్బు లేక, దూరాభారం వల్ల మధ్యలో మానేయడం. కాబట్టి మీరు లెక్క వేయవలసింది మూడు లక్షల డిపాజిట్టుకు కాదు, రెండున్నరేళ్ల కాలానికి.

సహాయాలలో కొన్ని వైద్యం మొదలుకాక ముందే అడగవలసినవి, కొన్ని ఖర్చు పెట్టిన తరువాత బిల్లులతో అడగవలసినవి. ఈ తేడా తెలియక సొంత డబ్బు కట్టేసి, ఆ తరువాత పరుగెత్తే వారికి సగం తలుపులు మూసుకుపోయి ఉంటాయి.

అన్నిటికంటే ముందు చూడవలసింది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇదే, ప్రభుత్వాలు మారినప్పుడు పేరు మారుతూ వచ్చింది. ఏడాదికి ఒక కుటుంబానికి ఇచ్చే పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయల వరకు పెంచారు. క్యాన్సర్ కీమోథెరపీ, రేడియేషన్, శస్త్రచికిత్సలు ఇందులో ఉన్నాయి. ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర కూర్చునే డెస్కు ఉంటుంది, కొన్నిచోట్ల వైద్యమిత్ర అంటారు. కార్డు, ఆధార్, మజ్జ పరీక్ష నివేదిక వారికి ఇస్తే ఆసుపత్రివారు పథకాన్ని నడిపే ట్రస్టుకు ముందస్తు అనుమతి కోసం పంపుతారు. అనుమతి వచ్చాక ఆ విడత వైద్యానికి మీరు డబ్బు కట్టనవసరం లేదు. డిశ్చార్జి అయ్యాక పది రోజుల మందులు, ముప్పై రోజుల లోపు ఆ వైద్యం వల్ల వచ్చే ఇబ్బందుల చికిత్స కూడా ప్యాకేజీలోనే ఉంటాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు. మందులు బయట కొనుక్కోండని ఎవరైనా అంటే, చీటీ పట్టుకుని నేరుగా ఆ డెస్కుకే వెళ్లండి.

చెన్నై విషయానికి వస్తే, 2019 నవంబరు నుంచి హైదరాబాద్, చెన్నై, బెంగళూరులలోని కొన్ని ఆసుపత్రులలో ఎంపిక చేసిన చికిత్సలకు మన పథకాన్ని వర్తింపజేశారు. అంటే చెన్నై మొత్తం వర్తించదనీ కాదు, ఏ ఆసుపత్రికి వెళ్లినా వర్తిస్తుందనీ కాదు. బయలుదేరే ముందే 104కు ఫోన్ చేసి, ఆసుపత్రి పేరు చెప్పి, పిల్లల రక్త క్యాన్సర్ కీమోథెరపీకి అక్కడ అనుమతి ఉందా అని స్పష్టంగా అడగండి. ఉత్త ఆసుపత్రి పేరు అడిగితే ఉందనే జవాబు రావచ్చు. తీరా వెళ్లాక అది గుండె చికిత్సకే అని తెలియవచ్చు.

తెలిసినవారి మాట మీదనో, పెద్ద భవనం చూసో ఆసుపత్రిని ఎంచుకోకండి. పిల్లల క్యాన్సర్ విభాగం విడిగా ఉందా, పథకం వర్తిస్తుందా, ఇంటి నుంచి అర్ధరాత్రి బయలుదేరినా తెల్లవారేసరికి చేరగలరా అనే మూడూ కలిసిన చోటే పిల్లవాడికి మంచిది. హైదరాబాద్‌లో ప్రభుత్వ రంగంలోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, బసవతారకం ఇండో అమెరికన్ క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. చెన్నైలో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను 1954లో ముత్తులక్ష్మీ రెడ్డి గారు స్థాపించారు. తిరుపతిలో స్విమ్స్ ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో 2022లో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. విశాఖలో అగనంపూడి దగ్గర టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది. నెల్లూరు వారికి తిరుపతి, చెన్నై దగ్గర. ఒంగోలు దాటితే హైదరాబాద్ రైళ్లు అనుకూలం. ఎక్కడికి ఫోన్ చేసినా, ఆరేళ్ల పిల్లవాడికి ఈ వ్యాధికి మొదటి నుంచి చివరి వరకు వైద్యం అక్కడే ఇస్తారా అని అడగండి.

ఇక పథకం పరిధిలోకి రాని ఖర్చులకు ఉన్న నిధుల సంగతి. కేంద్ర ఆరోగ్య శాఖ 2009లో ఏర్పాటు చేసిన ఆరోగ్య మంత్రి క్యాన్సర్ రోగుల నిధి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల ద్వారా అందుతుంది. ఎంఎన్‌జే, అడయార్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. కొంత మొత్తం వరకు ఆ కేంద్రమే మంజూరు చేయగలదు. అయితే అప్పటికే పెట్టిన ఖర్చును ఇందులో తిరిగి ఇవ్వరు. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి ఆసుపత్రి ఇచ్చే ఖర్చు అంచనా, ఆదాయ ధ్రువపత్రం, నివాస రుజువు, ఫోటోలు జతచేసి ప్రధానమంత్రి కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. మంజూరైన డబ్బు మీ ఖాతాకు రాదు, ఆసుపత్రికే వెళుతుంది. నెల్లూరు ఎంపీ కార్యాలయంలో ఈ దరఖాస్తులు పంపే అలవాటు ఉంటుంది, అక్కడ అడగండి.

ముఖ్యమంత్రి సహాయ నిధి రెండు రకాలుగా పనిచేస్తుంది. వైద్యానికి ముందైతే ఆసుపత్రి అంచనా మీద ఎల్ఓసీ, అంటే ఇంత మొత్తానికి మేము పూచీ అనే లేఖ ఇస్తారు. ఖర్చు పెట్టిన తరువాతైతే అసలు బిల్లులు, డిశ్చార్జి సారాంశం, ఎమ్మెల్యే సిఫారసుతో దరఖాస్తు పెట్టాలి, చెక్కు వస్తుంది. పెట్టిన ఖర్చంతా రాదు, కొంత భాగమే వస్తుంది. వైద్య సేవ పథకంలో జరిగిన చికిత్సకు మళ్లీ ఇక్కడ అడగకూడదు.

స్వచ్ఛంద సంస్థలలో ఇండియన్ క్యాన్సర్ సొసైటీ వారి క్యాన్సర్ క్యూర్ ఫండ్, పిల్లల కోసమే 2004 నుంచి పనిచేస్తున్న క్యాన్‌కిడ్స్ సంస్థ నమ్మదగినవి. వీటిని మీరు ఇంట్లో కూర్చుని ఒక్కొక్కదానికీ రాసుకోవడం కంటే, పిల్లవాడిని చేర్చిన రోజే ఆసుపత్రిలోని వైద్య సామాజిక కార్యకర్త గదికి వెళ్లి కుటుంబ పరిస్థితి దాపరికం లేకుండా చెప్పడం మేలు. మా వంటివారి ఉద్యోగమే అది. అభిమానం కొద్దీ సొంతిల్లు ఉంది, పొలం ఉంది, ఎలాగో చూసుకుంటాం అని చెప్పి వెళ్లిపోయిన తండ్రి నాలుగు నెలల తరువాత వచ్చి నిలబడితే, మొదట్లో అందగలిగిన కొన్ని సహాయాలు అప్పుడు అందవు.

ఇంకొక్క ప్రశ్న. మీ బావగారి జీతంలో ఈఎస్ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా కోత ఉందా? జీతం చీటీ చూసి చెప్పండి. అది చాలా ముఖ్యం.

జవాబు 2: సింగరాయకొండ నుంచి ఒక తల్లి

అన్నగారూ, మా పాపకు ఇదే వ్యాధి. వైద్యం పూర్తయి ఇప్పుడు బడికి వెళ్తోంది. పై జవాబులో నిధుల సంగతి బాగా చెప్పారు కాబట్టి, ఏ పథకం ఇవ్వని ఖర్చుల గురించి నేను రాస్తాను. మమ్మల్ని నిజంగా కుంగదీసినవి అవే.

కీమో మందు కార్డు మీద వచ్చింది. కాని దానికోసం నేను కూలి మానుకున్నాను, పాప తండ్రి పడవ పని మానుకున్నారు. పెద్ద నగరంలో గది అద్దె, తాగే నీళ్లు, మరగబెట్టుకోవడానికి గ్యాసు, ఆసుపత్రికి ఆటో, ఇంటి దగ్గర వదిలి వచ్చిన చిన్నవాడిని చూసుకునే మా అత్తగారి చేతికి కొంత, ఇవన్నీ ఏ బిల్లులోనూ కనబడవు. మొదటి ఆరు నుంచి ఎనిమిది నెలలు ఇంటికి, ఆసుపత్రికి మధ్యనే గడిచిపోతాయి. తరువాత మాత్రలతో నడిచే దశ వస్తుంది. అప్పుడు మందుల ఖర్చు తక్కువ, ప్రయాణాలే ఎక్కువ. ఆ దశలోనే, పిల్ల బాగానే ఉంది కదా, ఈ నెలకు మానేద్దాం అనిపిస్తుంది. దయచేసి అలా అనుకోనివ్వకండి.

బస విషయంలో సెయింట్ జూడ్ సంస్థ మాకు దేవుడిలా కనబడింది. 2006లో ముంబైలో మొదలుపెట్టారట. హైదరాబాద్, చెన్నై, వేలూరులో కూడా వారి కేంద్రాలున్నాయి. క్యాన్సర్ వైద్యం జరుగుతున్న పిల్లలకు, తల్లిదండ్రులకు ఉచితంగా ఒక గది ఇస్తారు. వంటగది అందరికీ కలిపి ఉంటుంది కాని ఎవరి పొయ్యి వారిది, ఎవరి అలమరా వారిది. రక్తకణాలు తగ్గిన పిల్లకు బయటి తిండి పెట్టకూడదు కాబట్టి, నా చేతులతో పప్పు మెత్తగా ఉడికించి పెట్టుకునే వీలుండటమే నాకు అన్నిటికన్నా పెద్ద సహాయమనిపించింది. మనంతట మనం వెళ్లి చేరలేము, ఆసుపత్రివారు రాసి పంపాలి. గదులు తొందరగా నిండిపోతాయి గనుక మొదటి రోజే అడగండి.

రైలు ప్రయాణానికి క్యాన్సర్ రోగులకు రాయితీ ఉంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రోగికి ప్రాథమిక ఛార్జీ మొత్తం తగ్గిస్తారు, తోడు వెళ్లే ఒకరికి 75 శాతం తగ్గిస్తారు. సెకండ్ క్లాసులోను, ఏసీ చైర్ కారులోను ఇద్దరికీ 75 శాతం. రైల్వేవారి నమూనాలోనే ఉన్న పత్రం మీద ఆసుపత్రి వైద్యుడి సంతకం, ముద్ర ఉండాలి. ఆ పత్రాన్ని రిజర్వేషన్ కౌంటర్‌లో చూపించి టికెట్ తీసుకోవాలి. పినాకిని ఎక్స్‌ప్రెస్‌కు కావలి, నెల్లూరు నుంచి చెన్నై వెళ్లడానికి, రాత్రి బండికి హైదరాబాద్ వెళ్లడానికి ఇది చాలా కలిసి వస్తుంది. ప్రతి విడతకూ డిశ్చార్జి రోజునే తరువాతి ప్రయాణానికి పత్రం అడిగి తీసుకోండి. లేకపోతే దానికోసమే మళ్లీ వరుసలో నిలబడాలి.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. మూతి తాడుతో బిగించే సంచి లాంటిది కాకుండా, జిప్ ఉన్న గట్టి ఫైలు సంచి ఒకటి కొనండి. అందులో మజ్జ పరీక్ష నివేదిక, కార్డు, ఆధార్, ప్రతి డిశ్చార్జి సారాంశం తేదీల వరుసలో పెట్టండి. అసలు బిల్లు ఎవరికి ఇచ్చినా ముందు జిరాక్సు తీసి, ఫోనులో ఫోటో తీసి పెట్టుకోండి. చెన్నైలో పిల్లల పేరుకు తండ్రి పేరులోని మొదటి అక్షరాన్ని తగిలిస్తారు. మన ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంటుంది. మా పాపకు ఆసుపత్రిలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు పడి, ఎమ్మెల్యే కార్యాలయంలో దరఖాస్తు తిప్పి పంపారు. అందుకని చేర్చేటప్పుడే, ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గరే, ఆధార్ కార్డు అద్దానికి ఆనించి పెట్టి అందులో ఉన్నట్టే రాయించండి.

మరొకటి, జ్వరం. కీమో నడుస్తున్న పిల్లలకు 100.4 డిగ్రీలు దాటిందంటే అది పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూసే జ్వరం కాదు. వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయలుదేరాలి. మేము కొంత డబ్బు విడిగా బియ్యం డబ్బాలో కవరులో పెట్టి, ఎంత అవసరం వచ్చినా దాన్ని ముట్టుకోలేదు. ఊళ్లో కారు నడిపే అబ్బాయితో ముందే మాట్లాడి పెట్టుకున్నాము. మీ బంధువులలో ఎవరైనా, ఏం సాయం చేయమంటారు అని అడిగితే, పళ్లు, బొమ్మలు వద్దని, ఆ కవరు ఖాళీ కాకుండా చూడమని చెప్పండి.

అక్కగారు ఏమీ మాట్లాడటం లేదన్నారు. ఆవిడతో మాట్లాడాలనుకుంటే నాకు సందేశం పంపండి. నేను కూడా మొదటి రోజుల్లో అలాగే ఉన్నాను.

జవాబు 3: గ్రామ సచివాలయ ఉద్యోగి, ప్రకాశం జిల్లా

పిల్లవాడి పేరు కార్డులో లేదన్నారు కదా, ఆ పని రేపే చేయించండి. జనన ధ్రువపత్రం, పిల్లవాడి ఆధార్ తీసుకుని మీ బావగారి ఊరి సచివాలయానికి వెళ్లి సభ్యుని చేర్పు దరఖాస్తు పెట్టాలి. వైద్యం కోసమని చెప్పి, ఆసుపత్రి నివేదిక జిరాక్సు జతచేస్తే మా ఉద్యోగులు ఎవరూ పక్కన పెట్టరు. చేర్పు పూర్తయ్యేదాకా ఆసుపత్రికి వెళ్లడం ఆపకండి; దరఖాస్తు రసీదు, జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల కార్డు పట్టుకుని ఆరోగ్యమిత్రను కలవండి. బియ్యం కార్డు లేని కుటుంబాలవారు కూడా ఇది చదువుతుంటే వారికి ఒక మాట: ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉన్న కుటుంబాలను పథకంలోకి తీసుకున్నారు కనుక, బియ్యం కార్డు లేనంత మాత్రాన అర్హత లేదనుకుని ఇంటి దగ్గర ఉండిపోకండి.

ఆదాయ ధ్రువపత్రం కూడా ఇదే రాకలో దరఖాస్తు చేసుకోండి. దాదాపు ప్రతి నిధికీ అది కావాలి. ఒకటికి నాలుగు నకళ్లు దగ్గర ఉంచుకోండి.

డ్వాక్రా సంఘంలో మీ అక్కగారు సభ్యురాలైతే స్త్రీ నిధి రుణం గురించి సంఘం లీడర్ ద్వారా అడగండి. అత్యవసరాలకు త్వరగా ఇవ్వడం కోసమే అది ఏర్పడింది. అప్పు చేయక తప్పని స్థితి వస్తే మూడు రూపాయల వడ్డీ కంటే అది ఎన్నో రెట్లు నయం.

సహాయ నిధి డబ్బులు ఇప్పిస్తాం, వచ్చిన దానిలో ఇంత శాతం ఇవ్వండి అని ఆసుపత్రి బయట తిరిగే వారి చేతికి అసలు బిల్లులు ఇవ్వకండి. ఆ దరఖాస్తుకు ఎక్కడా రుసుము లేదు. అసలు బిల్లు ఒకటే ఉంటుంది. అది పరాయి చేతికి వెళ్లాక మీ దగ్గర ఏమీ మిగలదు.

జవాబు 4: నెల్లూరు రక్తదాత

రక్తం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఈ వైద్యంలో రక్తం, ప్లేట్‌లెట్లు మాటిమాటికీ అవసరమవుతాయి. రక్తానికి ధర లేదు; శుద్ధి చేసి పరీక్షించినందుకు రుసుము మాత్రమే తీసుకోవాలని 2024 జనవరిలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ మరోసారి స్పష్టం చేసింది. ఎవరైనా రక్తం అమ్మజూపితే తీసుకోకండి. పిల్లవాడి గ్రూపు తెలియగానే బంధువులలో, మీ పాఠశాల సిబ్బందిలో, బావగారి తోటి కార్మికులలో పేర్లు రాసి పెట్టుకుని, అందరినీ ఒకే వారంలో పిలవకుండా విడతలుగా పిలవండి. ఒకసారి రక్తం ఇచ్చిన మగవారు మళ్లీ ఇవ్వడానికి మూడు నెలలు ఆగాలి. అందరూ మొదటి వారంలోనే ఇచ్చేస్తే రెండో నెలలో అవసరానికి ఎవరూ మిగలరు. నెల్లూరులో చేయవలసి వస్తే రెడ్‌క్రాస్ రక్తనిధి ఉంది.

ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేసే మిలాప్, ఇంపాక్ట్‌గురు వంటి వేదికలను కూడా చాలామంది వాడుతున్నారు. అవి చెడ్డవని అనను, కాని అది చివరి మార్గంగా ఉంచుకోండి. పెట్టేముందు వారు ఎంత శాతం తీసుకుంటారో, డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకు పంపుతారో లేదో అడిగి తెలుసుకోండి. జుట్టు రాలిన పిల్లవాడు ఏడుస్తున్న ఫోటో పెడితే డబ్బు ఎక్కువ వస్తుందని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దని నా విన్నపం. రేపు వాడు పెద్దవాడై బడిలో కూర్చున్నప్పుడు ఆ ఫోటో తోటివాళ్ల ఫోన్లలో ఉంటుంది.

ప్రశ్న అడిగినవారి స్పందన: కావలి ఉపాధ్యాయుడు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు అడిగినట్టు బావ జీతం చీటీ తెప్పించి చూశాను. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ కోస్తున్నారు. ఇన్నేళ్లుగా కోస్తున్నా ఈఎస్ఐ అంటే జలుబుకు, జ్వరానికి మందులిచ్చే చోటనే బావ అనుకున్నాడు. దీనితో ఏమైనా ఉపయోగం ఉంటుందా? వైద్య సేవ కార్డుతో వెళ్లాలా, దీనితో వెళ్లాలా? సచివాలయంలో దరఖాస్తు ఈ ఉదయమే పెట్టాము, రసీదు ఇచ్చారు. 104కు ఫోన్ చేసి మాట్లాడాము, రెండు ఆసుపత్రుల పేర్లు చెప్పారు. ఒక సందేహం మిగిలింది. ఇప్పుడు ఒకచోట మొదలుపెట్టి, మాత్రల దశ వచ్చాక నెల్లూరుకు దగ్గరలో కొనసాగించవచ్చునా? అలా మారితే సహాయం ఆగిపోతుందా?

సింగరాయకొండ అమ్మా, మా అక్క మీతో మాట్లాడతానంది. సందేశం పంపాను.

జవాబు 5: పిల్లల క్యాన్సర్ వార్డు సామాజిక కార్యకర్త

మాస్టారూ, మంచి వార్త చెప్పారు. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న కార్మికులకు వర్తించే ఈఎస్ఐ కార్మికునితో పాటు భార్యా పిల్లలకూ వైద్యం ఇస్తుంది. అందులో క్యాన్సర్ వంటి సూపర్ స్పెషాలిటీ చికిత్స కూడా ఉంది, ఒక వ్యక్తికి ఇంతే ఖర్చు పెడతామనే పరిమితి లేదు. అయితే కుటుంబ సభ్యులకు సూపర్ స్పెషాలిటీ వైద్యం అందాలంటే ఇంతకాలం ఉద్యోగం, ఇన్ని రోజుల చందా అనే నిబంధనలు ఉంటాయి. ఈఎస్ఐ డిస్పెన్సరీ నుంచి రిఫరల్ లేనిదే నేరుగా ఆసుపత్రికి వెళ్లకూడదు. రేపు మీ బావగారు చేయవలసింది ఇది: తన ఈఎస్ఐ బీమా సంఖ్య, ఈ-పెహచాన్ అనే ఈఎస్ఐ గుర్తింపు కార్డు తీసుకుని డిస్పెన్సరీకి వెళ్లడం, కార్డులో పిల్లవాడి పేరు కుటుంబ సభ్యుల కింద ఉందా అని చూడటం, లేకపోతే కాంట్రాక్టర్ ద్వారా వెంటనే చేర్పించడం, మజ్జ పరీక్ష నివేదిక చూపించి రిఫరల్ అడగడం. కాంట్రాక్టర్ తాత్సారం చేస్తే ఈఎస్ఐ శాఖ కార్యాలయానికే వెళ్లమనండి. ఆయన జీతంలో కోసిన డబ్బు అది, ఎవరి దయా కాదు.

రెండింటిలో ఏదన్నారు. ముందు వైద్యం ఆలస్యం కాకూడదు. ఈఎస్ఐ వంటి వేరే పథకంలో వైద్యం అందేవారికి వైద్య సేవ వర్తించదనే నిబంధన ఉంది కాబట్టి, ఈఎస్ఐ సంగతి దాచకుండా 104వారికీ, ఆరోగ్యమిత్రకూ చెప్పండి. అయినా 104వారు చెప్పిన ఆసుపత్రిలో వైద్య సేవ అనుమతి రేపే దొరికేలా ఉంటే దానితోనే మొదలుపెట్టండి. ఈఎస్ఐ అర్హతను సమాంతరంగా తేల్చుకోండి. ఒకే విడతకు రెండు చోట్లా క్లెయిము పెట్టకూడదు.

పీఎఫ్ నుంచి పిల్లవాడి అనారోగ్య కారణం చూపించి అడ్వాన్సు తీసుకోవచ్చు, తిరిగి కట్టనక్కరలేదు. పీఎఫ్ వారి యూఏఎన్ పోర్టల్‌లో ఆధార్, బ్యాంకు ఖాతా అనుసంధానమై ఉంటే ఫోన్ నుంచే పెట్టవచ్చు. పొలం అమ్మే ముందు, వడ్డీకి తెచ్చే ముందు చూడవలసిన సొమ్ము ఇదే. సింగరాయకొండ అమ్మగారు చెప్పిన జ్వరం కవరుకు, మొదటి నెల ప్రయాణాలకు ఇది వాడుకోండి. ఒకేసారి మొత్తం తీయకండి.

ఆసుపత్రి మారడం గురించి: మాత్రల దశలో ఇంటికి దగ్గరలో కొనసాగించడాన్ని చాలా పెద్ద ఆసుపత్రులే ప్రోత్సహిస్తాయి, కాని అది మీరు అనుకుని చేసేది కాదు, వారు రాసి పంపితే చేసేది. ఏ ప్రోటోకాల్ ప్రకారం వైద్యం జరుగుతోంది, ఇప్పటివరకు ఏ మందు ఎంత మోతాదు ఇచ్చారు, నడుములో ఇచ్చే ఇంజక్షన్లు ఎన్ని పూర్తయ్యాయి, మొదటి నెలాఖరు మజ్జ పరీక్షలో ఏమి వచ్చింది అనే వివరాలతో వైద్య సారాంశం తీసుకోండి. కొత్త ఆసుపత్రికి కూడా పథకం వర్తించాలి, అక్కడ మళ్లీ అనుమతి తీసుకోవాలి. సహాయం ఆగదు, కాని ఈ కాగితం లేకపోతే పరీక్షలన్నీ మొదటి నుంచి చేయిస్తారు, ఆ ఖర్చు మీ మీద పడుతుంది. సెయింట్ జూడ్ గది, రైలు పత్రం మాత్రం పాత ఆసుపత్రి పేరు మీద ఉంటాయి గనుక మళ్లీ కొత్తవి తీసుకోవాలి.

చేర్చే రోజు ఉదయం ఓపీ సమయానికి ముందే చేరుకోండి. ఫైలు సంచిలో మజ్జ పరీక్ష స్లైడ్లు కూడా పెట్టుకోండి. నివేదిక కాగితం ఒక్కటే సరిపోదు. నెల్లూరు ల్యాబు నుంచి గాజు స్లైడ్లను అడిగి తీసుకుంటే కొత్త ఆసుపత్రివారు వాటినే చూసుకోగలరు, చాలా సందర్భాల్లో పిల్లవాడికి మళ్లీ సూది గుచ్చే అవసరం తప్పుతుంది. ల్యాబువారు ఇవ్వడానికి ఒక రోజు పట్టవచ్చు కాబట్టి ఈ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పండి.